మత్తడి నీళ్లకు తొవ్వ ఏది?

మా రోజుల్లో కామారెడ్డిల జాగ కొనేటోడు ముందుగాల వానకాలం నీళ్లు ఎటు పోతయో అడిగేటోడు. ఇప్పుడు అడిగేదల్లా రోడ్డు ఎన్ని ఫీట్లు, హైవే ఎంత దూరం, ఇవే. 2016ల జిల్లా కేంద్రమైనంక గజం ధర తప్ప ఇంకో ముచ్చట వినబడ్తలేదు.

అప్పుడు ఊరూరికి నీరడి ఉండేటోడు. మబ్బు కమ్మితే చాలు, పార భుజానేసుకొని చెరువు కట్ట మీదికి పోయేటోడు. నిండిన నీళ్లు పొర్లే మత్తడికి అడ్డంబడ్డ కంపను గుంజి పారేసేటోడు. కట్టకు ఎలుక బొక్క కనబడ్డా మట్టి కొట్టి తొక్కేటోడు. పై చెరువు దుంకితే కింది చెరువు నిండాలె, దాని మత్తడి పోయి వాగుల కలవాలె. ఆ లెక్కంతా ఆయన నోట్ల ఉండేది. పంట రాంగనే కల్లం కాడ ఆయన వంతు వడ్లు కొలిచి పెట్టేటోళ్లం. చెరువు శిఖంల నీళ్లు దిగినంక ఏదన్న పంట ఏసుకునేటోళ్లు గానీ గోడ లేపుదామని ఎవ్వరూ అనుకోలే.

ఇప్పుడు ఆ శిఖంలనే హద్దురాళ్లు పాతి, తెల్లరంగేసి, ప్లాట్లంటున్నరు. వాగును మోరీ చేసిండ్రు. నా కోపమంతా ఇక్కడనే. 2025 ఆగస్టు చివర్ల వచ్చిన వానకు రాజంపేట మండలంల 40 సెంటీమీటర్లకు పైగా పడ్డది. అంత వానకు ఏ ఊరైనా ఆగమైతది, ఒప్పుకుంట. కానీ వాగు పొంగి కామారెడ్డి జీఆర్ కాలనీల కార్లు కొట్టుకపోయి, జనం మిద్దెలెక్కి పానం కాపాడుకున్నరంటే, తప్పంతా వాన మీదికి నూకుడు నేనొప్ప. అదే వరదల, 1922ల కట్టిన పోచారం ప్రాజెక్టు కట్ట మీదికెల్లి నీళ్లు దుంకినా నిలబడ్డది. కట్టినోళ్లు నీళ్లు పొర్లిపోయే జాగ విడిచిపెట్టి కట్టిండ్రు.

2022 చివర్ల కామారెడ్డి మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చింది. పచ్చటి పొలాలను పరిశ్రమల జోన్ల చూపిండ్రని అడ్లూర్ ఎల్లారెడ్డి చుట్టుపక్కల రైతులు 2023 జనవరిల కలెక్టరేట్ ముందు కూసున్నరు. ఆ నెలనే కౌన్సిల్ దాన్ని రద్దు చేస్తూ తీర్మానం చేసింది. మంచిదే. అట్లని ప్లానే వద్దని నేనన. పెరిగే ఊరికి ప్లాన్ కావాలె. గీసేటప్పుడు ముందుగాల గొలుసుకట్టు చెరువులు, కాలువలు, వాగులు గీయాలె. మిగిలిన జాగల రోడ్లు, ఇండ్లు.

ఇదే జిల్లాల ఉన్న ఎల్లారెడ్డి (అడ్లూర్ ఎల్లారెడ్డి వేరు) మున్సిపాలిటీ అయింది 2018లనే. అక్కడింకా చేతులు కాలలేదు. నీరడి పని చేసిన ముసలోళ్లు దొరికితే వాళ్లను వెంటబెట్టుకొని, వచ్చే ఎండకాలమే కాలువల వెంబడి నడిచి హద్దులు పాతాలె. లేఅవుట్‌కు సంతకం పెట్టే సారు ఒక్కపారి జోరువానల ఆ జాగకు పోయి, నీళ్లు ఎటు పోతున్నయో కండ్లార చూసి రావాలె.