పాకం చారెడు, సరంజామా గంపెడు

స్థలం: న్యూ హాంప్‌షైర్‌లో ఒక ఇంటి గరాజ్. కాలం: మార్చి. రాత్రి గడ్డకట్టే చలి, పగలు మంచు కరిగే ఎండ. మేపుల్ చెట్లు నీరు దించే రోజులు.

పాత్రలు:
అల్లుడు: సాఫ్ట్‌వేర్ మనిషి. ఏ పనికైనా కొనుగోలుతో కొబ్బరికాయ కొట్టే జాతి.
మామగారు: అనకాపల్లి దగ్గరి చెరకు రైతు. బెల్లం పెనం ముందు జుట్టు నెరిసింది. ప్రస్తుతం ఆరు నెలల చుట్టపుచూపు.
అమ్మాయి: క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు ఆఖరి పేజీ దాకా చదివే మనిషి.
పెద్దాయన: పక్కింటి యాంకీ. మాటకింతని పన్ను కడుతున్నట్టు మాట్లాడతాడు. (ఆయన ఇంగ్లీషును తెలుగు చేశాం. పెద్ద శ్రమ పడలేదు.)

మామగారు: ఏటండి అల్లుడుగారూ, ఇన్ని అట్టపెట్టెలు? ఎవరైనా ఇల్లు ఖాళీ చేస్తన్నారా?

అల్లుడు: మేపుల్ సిరప్ సరంజామా మావయ్యగారూ. దొడ్లో ఎనిమిది చెట్లకి ట్యాపులు కొట్టాం కదా.

మామగారు: కొట్టినారు. బకెట్లు మోసింది నేనే. మొత్తం ఎంత పాకం దిగుతాది?

అల్లుడు: ఒక్కో ట్యాపుకి సీజన్ మొత్తానికి పది గేలన్ల నీరు అనుకోండి. నలభై గేలన్లు కాస్తే ఒక గేలన్ సిరప్. అంటే రెండు గేలన్లు.

మామగారు: మన లెక్కలో చెప్పండి.

అమ్మాయి: ఏడున్నర లీటర్లు నాన్నా. కొనుక్కుంటే గేలన్ యాభై, అరవై డాలర్లు. పెట్టెల లెక్క నన్నడక్కు, నిద్ర పట్టదు.

అల్లుడు: డబ్బు గురించి కాదే. క్లారిటీ గురించి. సీసా వెలుగులో పెడితే అవతల వార్తాపత్రిక చదవగలగాలి.

మామగారు: సీసాలోంచి పేపరు చదవడం ఎందుకండీ?

అల్లుడు: చెట్టు నీటిలో ఖనిజాలుంటాయి మావయ్యగారూ. కాచేకొద్దీ అవి విరిగి ఇసకలా దిగుతాయి. దీన్నే షుగర్ శాండ్ అంటారు. ఎక్కువ భాగం కాల్షియం మాలేట్. వడకట్టకపోతే సీసా అడుగున బురదలా కూర్చుంటుంది.

మామగారు: తింటే ఏమవుతాది?

అల్లుడు: ఏమీ కాదు. నాలిక్కి కాస్త గరుగ్గా తగులుతుంది.

మామగారు: మా పెనంలో తెట్టు పైకి తేలుతాది, చిల్లుల గరిటతో తీసేస్తాం. ఇది అడుగుకి దిగుతాదంటున్నారు. అలాంటప్పుడు కదపకుండా ఉంచి, పైది వంచుకుంటే పోలేదా?

అల్లుడు: (గాయపడి) అది పద్ధతి కాదు. దీనికో శాస్త్రం ఉంది.

అమ్మాయి: శాస్త్రం పోయినేడు చూశాం. ముందు కాఫీ ఫిల్టర్‌తో మొదలుపెట్టారు. రెండు గరిటెలు పోసేసరికి అది మూసుకుపోయింది. పోసింది చల్లారి చిక్కబడింది. ఇక బొట్టు దిగలేదు. తర్వాత కోన్ ఆకారం ఫెల్ట్ సంచి తెప్పించారు.

అల్లుడు: ఫెల్ట్ బాగానే పని చేసింది.

అమ్మాయి: చేసింది. తర్వాత దాన్ని వాషింగ్ మెషీన్‌లో వేసి, సబ్బుతో ఉతికి, వాసన ద్రవం కూడా పోశారు. ఆ తర్వాత కాచిన సిరప్‌కి లావెండర్ వాసన. దాన్నే స్నేహితులకి పంచితే, పువ్వుల సువాసన అద్భుతంగా కుదిరిందని ఇద్దరు మెసేజ్ పెట్టారు.

మామగారు: వడగుడ్డకి సబ్బు పెడతారా ఎవరైనా? వేడినీళ్ళలో జాడించి ఆరేస్తారు గాని!

అల్లుడు: అందుకే ఈ ఏడు గుడ్డల గొడవే వద్దు. ఫిల్టర్ ప్రెస్ కొంటున్నాను. వరసగా ప్లేట్లు, మధ్యలో కాగితాలు. సిరప్‌లో డయాటమ్ మట్టి కలిపి పంపుతో తోస్తే, ఆ మట్టి కాగితం మీద పొరకట్టి ఇసకంతా పట్టేస్తుంది. వజ్రంలా దిగుతుంది. మట్టి ముందే తెచ్చాను. ఇదిగో, పది కిలోల బస్తా. చవగ్గా దొరికింది.

(పెద్దాయన ప్రవేశం. చేతిలో ఖాళీ బకెట్. బస్తా మీది అక్షరాలు చదువుతాడు.)

పెద్దాయన: ఇది ఈతకొలనుది.

అల్లుడు: మట్టి మట్టే కదండీ?

పెద్దాయన: కాదు. దాన్ని బట్టీలో కాల్చి ఉంటారు. స్ఫటికపు సిలికా. ఊపిరితిత్తులకి మంచిది కాదు. తినేవాటికి వేరే రకం ఉంది. అదైనా గాలికి లేపకు.

(ఒక్క రోజులో ఇన్ని మాటలు ఆయన భార్య కూడా విని ఉండదు.)

మామగారు: అమ్మాయీ, ఆయన్ని అడుగు. పాకం దించే అదను ఎలా తెలుస్తాదని.

అల్లుడు: నన్నడగండి మావయ్యగారూ. నీరు మరిగే వేడి కంటే 4 డిగ్రీలు పైన. అంటే 104. ఫోన్‌కి మోత పంపే థర్మామీటర్ కొన్నాను.

పెద్దాయన: ఇవాళ నీరు ఎంతకి మరిగింది?

అల్లుడు: వందకి. నీరు వందకే కదా మరుగుతుంది?

పెద్దాయన: రోజూ కాదు.

అమ్మాయి: గాలి ఒత్తిడి మారితే మరిగే వేడీ మారుతుందని స్కూల్లో చదువుకున్నాం. పొద్దున్నే నీళ్ళు కాచి చూసుకుని, దాని మీద నాలుగు కలుపుకోవాలి.

పెద్దాయన: హైడ్రోమీటర్ ఏది?

(నిశ్శబ్దం. అల్లుడు పెట్టెల వైపు చూస్తాడు. పెట్టెలు అల్లుడి వైపు చూస్తాయి.)

అమ్మాయి: కొనలేదా?

అల్లుడు: అది... మరీ చిన్న వస్తువు. ముప్పై డాలర్లు కూడా ఉండదు. రివ్యూలు కూడా పెద్దగా లేవు.

(రచయిత పక్కమాట: ఈ గరాజ్‌లో తప్పక ఉండాల్సింది అదొక్కటే. లోహపు గ్లాసులో వేడి సిరప్ పోసి ఈ గాజు గొట్టం వదిలితే, ఎర్ర గీత దగ్గర తేలితే పాకం కుదిరినట్టు. న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్ నిబంధన ప్రకారం చక్కెర 66.9 శాతం ఉండాలి. పలచనైతే సీసాలో పులుస్తుంది, బూజు పడుతుంది. 69 దగ్గరికి వెళ్తే అడుగున కలకండ కడుతుంది. ఎంత ఖరీదైన వడపోతా ఈ తప్పుని దిద్దలేదు.)

మామగారు: మాకా గొట్టం లేదు గాని, గరిట ఎత్తి వంచుతాం. చుక్కలుగా పడితే కాలేదు. అంచు పట్టుకుని తెరలా జారితే దగ్గరికొచ్చినట్టు.

పెద్దాయన: (మొదటిసారి మామగారి వైపు తిరిగి) మా తాత కూడా అంతే.

అల్లుడు: సరే, హైడ్రోమీటర్ రేపే తెప్పిస్తాను. ఇక సీసాల్లో నింపడం. దీనికి స్టెయిన్‌లెస్ బాట్లర్ చూసి పెట్టాను. రెండు గోడల మధ్య నీరు ఉంటుంది. పాకం అడుగంటదు, వేడి నిలకడగా ఉంటుంది.

అమ్మాయి: ఎంత పడుతుంది అందులో?

అల్లుడు: పదహారు గేలన్లు.

అమ్మాయి: మనకున్నది?

అల్లుడు: ...వచ్చే ఏడు చెట్లు పెరుగుతాయి.

పెద్దాయన: కాఫీ అర్న్ ఉందా?

అమ్మాయి: ఉంది! గృహప్రవేశానికి కొన్నది. అడుగున కుళాయితో, నలభై కప్పులది. అప్పట్నుంచి అటక మీదే ఉంది.

పెద్దాయన: చాలు. కాఫీ వాసన పోయేలా కడుగు.

మామగారు: ఎంత వేడి మీద నింపాలో?

పెద్దాయన: 82 తగ్గకూడదు. 85 అయితే మేలు. మూత బిగించి, సీసా పక్కకి పడుకోబెట్టాలి.

మామగారు: పడుకోబెట్టడం ఎందుకు?

అమ్మాయి: వేడి పాకం మూతకి, మెడకి తగిలి, అక్కడి సూక్ష్మజీవులు చస్తాయి నాన్నా.

అల్లుడు: 82 సరిపోతే, 98 ఇంకా మంచిది కదా? భద్రంగా ఉంటుంది.

పెద్దాయన: వడకట్టాక అంత కాస్తే మళ్ళీ ఇసక పుడుతుంది.

మామగారు: (నవ్వి) అంటే అన్ని వేల యంత్రం పెట్టి తీసిన ఇసకని, పొయ్యి మీద మళ్ళీ చేసుకోవడమన్నమాట!

అల్లుడు: సీసాల సంగతి వదిలెయ్యండి. మేపుల్ ఆకు ఆకారం గాజు సీసాలు వచ్చేశాయి. రంగు కనబడాలి. నాకు లేత బంగారు రంగే కావాలి. ముదురు రంగుదంటే ఒకప్పుడు గ్రేడ్ బీ.

పెద్దాయన: ముదురుదే రుచి. పేరు మార్చారు. ఇప్పుడు అదే ముందు అమ్ముడవుతుంది, మా షెడ్డులో.

మామగారు: మా యార్డులోనూ ఇదే పిచ్చి. బెల్లం తెల్లగా మెరిస్తేనే పాట పలుకుతాది. ఆ మెరుపు కోసం కొందరు హైడ్రోస్ మందు కలిపేస్తారు. నల్ల బెల్లాన్ని వెనక్కి నెడతారు. మళ్ళీ పట్నంలో అదే నల్ల బెల్లాన్ని ఆర్గానిక్ అని రెట్టింపు ధరకి కొంటారు.

అమ్మాయి: అయితే ఇవాళ రాత్రి ఏం చేద్దాం? పాకం దగ్గరికొస్తోంది.

పెద్దాయన: ఫెల్ట్ సంచి వేడినీళ్ళలో తడుపు. పిండకు, పోగులు చెదురుతాయి. లోపల పలచటి ప్రీఫిల్టర్లు నాలుగైదు వెయ్యి. సెగలు కక్కుతున్నప్పుడే పోయి. పైది మూసుకుపోతే దాన్నొక్కదాన్నే ఎత్తి తీసెయ్యి. కింద కొత్తది ఉంటుంది.

మామగారు: పొడి సంచిలో పోస్తే?

పెద్దాయన: సంచే తాగేస్తుంది.

అమ్మాయి: విన్నారా? ప్రీఫిల్టర్లు, ముప్పై డాలర్ల గొట్టం, అటక మీది అర్న్. అయిపోయింది. మిగతా పెట్టెలన్నీ వెనక్కి.

అల్లుడు: (నీరసంగా) అంటే ప్రెస్ అసలే వద్దా? పెద్దాయనా, మీరెప్పుడూ వాడలేదా?

పెద్దాయన: ఉంది. షెడ్డులో.

అల్లుడు: (లేచి) మీ దగ్గర ఉందా!

పెద్దాయన: ఏడంగుళాల ప్లేట్లు. మోటారుది. సగం ధరకిస్తాను.

అమ్మాయి: ఏవండీ!

మామగారు: ఆగమ్మా. పాత పంపు కదా, ఇత్తడిదేమో అడుగు. పాత ఇత్తడిలో సీసం కలిసి ఉంటాది.

పెద్దాయన: స్టెయిన్‌లెస్.

అల్లుడు: చూశారా మావయ్యగారూ? స్టెయిన్‌లెస్!

అమ్మాయి: ఒక్క మాట చెప్పండి. మా రెండు గేలన్లు అందులో పోస్తే ఎంత బయటికొస్తుంది?

పెద్దాయన: (బకెట్ కిందపెట్టి, తీరిగ్గా ఆలోచించి) దాని కడుపు నిండటానికే చాలవు.

అమ్మాయి: మరి మాకెందుకు అమ్ముతున్నారు?

పెద్దాయన: నావీ ఎనిమిది చెట్లే.

అల్లుడు: చెక్కు తీసుకుంటారా?