కంప్యూటరా! విను: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యము

మూలము

ఎదుటి వాని ఛాతి యెటువైపు గలదయా
వెనుకఁ దిరిగెనేని వెదకి చెప్పు
కన్ను గలిగినట్టి కంప్యూటరా! విను
కోణమెంతొ తెలిపి కూలి గొనుము

టీక: ఎదుటి వాని = ఫొటోలో పడిన మనిషి యొక్క; ఛాతి = రొమ్ము; ఎటువైపు గలదయా = ఏ దిక్కునకు తిరిగియున్నది; వెనుకఁ దిరిగెనేని = కెమెరాకు వీపు చూపినచో; వెదకి = ఆనవాళ్లు పట్టి; కన్ను గలిగినట్టి = కెమెరా తగిలించిన; కోణమెంతొ = ఎన్ని డిగ్రీలో; కూలి గొనుము = నీకు రావలసినది పుచ్చుకొనుము.

తాత్పర్యము: ఓ కంప్యూటరూ, బొమ్మలోని మనిషి ఎటు తిరిగి నిలిచెనో కోణముతో సహా చెప్పుము.

విశేషములు

ఛాతి: "ముఖము" అనక "ఛాతి" అనుట కవి లోకజ్ఞత. రోడ్డు దాటువాడు ఫోను వంక చూడవచ్చును, పోయెడి బస్సు బోర్డు చదువవచ్చును; అడుగు మాత్రము సామాన్యముగా ఛాతి చూపిన దిక్కునకే పడును. డ్రైవరు లేని కారునకు కావలసినది ఆ అడుగే. 2020లో వెలువడిన మెబో అను డేటాసెట్టు కర్తలును భుజముల నడిమి గీతకు లంబముగా ఛాతి చూచు దిక్కునే ప్రమాణముగా గైకొనిరి.

వెనుకఁ దిరిగెనేని: పద్యమునకు ప్రాణము ఈ పాదమే. ఎదురు వచ్చువాడును, వీపు త్రిప్పి పోవువాడును అంచుల మట్టుకు ఇంచుమించు ఒకే రూపున నుందురు. కోకో డేటాసెట్టు వారు దేహమున ముక్కు మొదలు చీలమండల వఱకు 17 బిందువులు గుర్తింతురు. ముక్కు కనబడిన చిక్కు లేదు. బొమ్మ చిన్నదై మసకయైనచో మిగిలినది ఎడమ కుడుల వివేకమే. ఎదురుగా నిలిచినవాని ఎడమ భుజము బొమ్మలో కుడి ప్రక్కన పడును; వీపు చూపినవానికి ఎడమ ప్రక్కననే. యంత్రము వీనిని తారుమారు చేసికొన్నచో తప్పు ఐదు పది డిగ్రీలతో పోదు, ఏకముగా 180కి పోవును. జడ చూచి వీపని నిశ్చయింపరాదా యని శంక. జడ ముందుకు వేసికొన్నవారి మాట యేమని ప్రతిశంక. దీనికి సమాధానము చెప్పినవారు లేరు.

కోణమెంతొ: 2010లో జర్మనీ దేశపు డార్మ్‌స్టాట్ పండితులు పాదచారులను 8 దిక్కులుగా విభజించిరి. అష్టదిక్పాలకుల లెక్క కుదిరినది గాని, ఒక్కొక్కరికి 45 డిగ్రీల జాగీరు వచ్చెను. అంత వెడల్పు తీర్పు ఎవరికి పనికివచ్చును? మెబో వారు 5 డిగ్రీల చొప్పున 72 గదులు కట్టిరి. మేళకర్తలును 72 గదా యని పొంగు సంగీతజ్ఞులకు మనవి: కాకతాళీయము.

ఇచ్చట నొక మెలిక. 359 డిగ్రీలకును 1 డిగ్రీకిని భేదము తీసివేతలో 358, వృత్తమున 2. ఈ సంగతి ముందుగా చెప్పనిచో యంత్రము దాదాపు సరియైన జవాబునకే ఘోరశిక్ష పొందును. కావున సరియైన గదికి ఎక్కువ మార్కులు, ఇరుగుపొరుగు గదులకు కొంత కొంత పంచి, 72వ గదికి మొదటి గదిని పొరుగు చేసిరి. యుక్తి చిన్నది, ఫలము పెద్దది.

విను: కన్ను మాత్రమే గలదానిని "విను" మనుట అనౌచిత్యము. గణపూరణమునకే వాడెనని తోచుచున్నది.

కూలి గొనుము: కూలి యనగా కరెంటు అని కొందఱు. వినసొంపుగా నున్నది గాని సరి కాదు. మెబోలో సుమారు 55,000 ఫొటోల నుండి తీసిన 1,30,000 మంది ఛాతి దిక్కును మొదట మనుషులే చూచి గుర్తించిరి. యంత్రము నేర్చినది వారి చూపునే. కావున సంబోధన దోషము, కూలి వారిది.