ఫార్మాట్ అన్న

ఇంటి కంప్యూటర్‌కు మొండి వైరస్ పట్టినప్పుడు దుకాణానికి పోకుండా కబురంపి పిలిపించుకునే దగ్గరి మనిషి ఫార్మాట్ అన్న. బుక్కపట్నం, కొత్తచెరువు, పుట్టపర్తి ప్రాంతంలో వీధికొకడైనా ఉంటాడు. చదువు డిప్లొమా, లేదా మధ్యలో ఆగిన బీటెక్. వరసకు అక్క కొడుకో, పక్కింటి పిల్లోడో అవుతాడు. పిలిచిన రోజు రాడు. "రేపొస్తా పెద్దమ్మా" అంటాడు. ఆ రేపు వారంలో ఏదో ఒక రోజు.

రోగనిర్ధారణ గడపలోనే మొదలవుతుంది. "పెన్‌డ్రైవ్ ఏమన్నా పెట్టినారా?" అనేది ఇతని తొలి ప్రశ్న. "మేమేం పెట్లేదప్పా, దానంతకదే వచ్చింది" అనేది అన్ని ఇళ్లలోనూ వచ్చే జవాబు. ప్రశ్న సరైనదే. డైట్ (ఉపాధ్యాయ శిక్షణ) కాలేజీలో చదివే అమ్మాయి పాఠ్య ప్రణాళికలు ప్రింటు తీయించడానికి జిరాక్స్ అంగడికి పోయిన పెన్‌డ్రైవ్, వచ్చేటప్పుడు ఒంటరిగా రాదు. షార్ట్‌కట్ వైరస్ అసలు ఫోల్డర్లను దాచేసి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్లు పెడుతుంది. దాని మీద నొక్కితే ముందు వైరస్ నడుస్తుంది, ఆ వెంటనే ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. అందువల్ల చాలా రోజులు ఎవరికీ అనుమానం రాదు.

ఫైళ్లన్నీ పోయాయని ఇల్లంతా గగ్గోలు పెడుతుంటే ఇతడు నల్ల తెర తెరిచి, అట్రిబ్ అనే ఆదేశం కొడతాడు. దాగిన ఫైళ్లు బయటపడతాయి. ఉగ్గాని, బజ్జీలు రెండో విడత వచ్చేది అప్పుడే.

వైరస్ మాత్రం పోదు. టాస్క్ మేనేజర్‌ను తెరవనివ్వదు. యాంటీవైరస్ కంపెనీల సైట్లకు దారి మూసేస్తుంది. తుడిచేసిన ఫైలు రీస్టార్ట్ చేయగానే మళ్లీ పుడుతుంది. 2003 నుంచి తెలిసిన శాలిటీ వంటివి నడిచే ప్రోగ్రాముల్లోనే దూరతాయి కాబట్టి, మందుగా వేసిన యాంటీవైరస్‌కే రోగం అంటుకోవచ్చు. అలాంటప్పుడు విండోస్‌ను లేపకుండా, శుభ్రమైన బూట్ డిస్కుతో కంప్యూటర్‌ను నడిపి స్కాన్ చేయాలి. ఆ సంగతి ఇతనికి తెలుసు. కానీ దానికి గంటలు పడుతుంది, నడుమ కరెంటు పోతుంది, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. "లాభం లేదు పెద్దమ్మా, ఫార్మాట్ కొట్టాల్సిందే" అనే తీర్పు ఇక్కడ వెలువడుతుంది.

విండోస్ ఎక్కేలోగా ఉపన్యాసం సాగుతుంది. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ కంప్యూటర్ల బయోస్‌నే చెరిపేసిన కథ, 2017 మేలో వానాక్రై ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకూ తాళం వేసిన కథ తప్పవు. తాళం పడిన ఫైళ్లను ఫార్మాట్ తిరిగి ఇవ్వలేదనీ, ముందే వేరేచోట దాచిన కాపీయే దిక్కనీ మాత్రం చెప్పడు.

ఫార్మాట్ అయ్యేది సీ డ్రైవ్ ఒక్కటే. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న పిల్లల పుట్టెంట్రుకల ఫొటోలు, చెరువు మరవ పారిన ఏడు తీసినవి, పెళ్లిపత్రిక కోసం వేయించిన అను ఫాంట్లు అన్నీ పోతాయి. ధర్మవరం చీరల అప్పుల పద్దులు డీ డ్రైవ్‌లో ఉండి బతికిపోతాయి. వాటితోపాటు వైరస్ కూడా. పాత విండోస్‌లో డీ మీద రెండుసార్లు నొక్కితే ఆటోరన్ ఫైలు దాన్ని మళ్లీ లేపుతుంది. పెన్‌డ్రైవ్‌లకు ఆ దారి మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ 2011 ఫిబ్రవరిలో పంపింది. ఇతడు వేసింది దొంగ కాపీ కావడంతో అప్‌డేట్లు ఆపేసి ఉంటాయి. పైగా సాఫ్ట్‌వేర్లన్నీ తన సొంత పెన్‌డ్రైవ్ నుంచే ఎక్కిస్తాడు. దానికి అంతకుముందు మజిలీ కొత్తచెరువులో ఇంకో రోగిష్టి కంప్యూటర్. వైరస్ తిరిగొస్తే, "ఇది వేరే వైరస్, కొత్తది" అంటాడు.

ఈ జాతిలో మేలైన రకం అరుదు. అతడు ముందు నెట్ తీసేస్తాడు. వేరే మంచి కంప్యూటర్లో బూట్ పెన్‌డ్రైవ్ చేసుకొస్తాడు. ఫొటోలు, పత్రాలు మాత్రమే కాపీ తీసుకుని, ప్రోగ్రాములను వదిలేస్తాడు. ఫార్మాట్ తర్వాత డీని స్కాన్ చేయకుండా తెరవడు. ఇంట్లోని పెన్‌డ్రైవ్‌లన్నీ శుభ్రం చేసి, పాస్‌వర్డ్‌లు మార్పించి పోతాడు. ఇంత సేపు పట్టినందుకు ఇతనికి పని సరిగా రాదని ఇంటివాళ్లు అనుకుంటారు.

ఏ రకానికైనా కూలి ఒకటే. "మన పిల్లోడికి దుడ్లేంది" అని ఇంటాయన ముందే అనేస్తాడు కనుక, సంచెడు శెనక్కాయలతో సరిపెట్టుకోవాలి. హామీకి మాత్రం గడువు లేదు. ఆ తర్వాత ప్రింటర్ కదలకపోయినా, టీవీలో బొమ్మ రాకపోయినా, మిక్సీ తిరక్కపోయినా ఫోన్ ఇతనికే: "నువ్వు సిస్టం ముట్టుకున్నప్పట్నుంచే ఇట్లయితాందప్పా!"