ఒడ్డు కెప్టెన్

మే నెల ఆదివారం సాయంత్రం మైపాడు ఇసుకలో కనిపించే మనుషుల్లో ఒడ్డు కెప్టెన్ గారిది ప్రత్యేక జాతి. నెల్లూరు నుంచి సుమారు 25 కిలోమీటర్లు ఏసీ కారులో వస్తారు. తెల్ల ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నల్ల కళ్లద్దాలు నెత్తికెక్కించి, ఒడ్డుకు లాగిపెట్టిన ఫైబర్ పడవెక్కి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని తూర్పుకు చూస్తారు. బావమరిది వీడియో తీస్తాడు. పడవకు ముందూ ఇసుకే, వెనకా ఇసుకే. ఊగేదల్లా కెప్టెన్ గారి పొట్ట ఒక్కటే. ఈయన్ని చూసి నవ్వడం తేలిక. కానీ ఉత్తర ఐరోపా దీవుల మధ్య వేసవి విహారం చేసే యాట్ యజమానికీ ఈయనకూ తేడా సముద్రంలో ఉందిగానీ మనిషిలో లేదని నా వాదన.

స్టాక్‌హోమ్ ముంగిట బాల్టిక్ సముద్రంలో దీవులూ రాతి తిప్పలూ కలిపి సుమారు 30,000 ఉన్నాయి. పెద్ద అలల్ని అవే అడ్డుకుంటాయి. ఆటుపోట్లు ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. పొద్దున తెరచాప ఎత్తితే మధ్యాహ్నానికి ఇంకో దీవి, అక్కడో రాయికి పడవ కట్టేసి కాఫీ. మైపాడు తీరమో, తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఎదుట అడ్డంగా ఒక్క దీవి లేదు. కాఫీ కోసం తూర్పుకు బయల్దేరితే వెయ్యి కిలోమీటర్లు దాటాక గానీ అండమాన్ రాదు. పైగా పంచాంగం కూడా తలకిందులే. మంచు కరిగి అక్కడి పడవలు నీళ్లలోకి దిగేది ఏప్రిల్, మే నెలల్లో. ఇక్కడ చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మోటారు పడవల వేట నిషేధం. అక్కడ వేసవి పడవకు పండగ; ఇక్కడ పడవకు సెలవు. కెప్టెన్ గారి సెలవులూ అప్పుడే వస్తే ఆయన తప్పేముంది?

ఆ యాట్ యజమానులు నిజంగా నీళ్లమీద తిరుగుతారు కదా అంటారు. తిరుగుతారు. చలికాలమంతా ఒడ్డెక్కించిన పడవ అడుగు గీకుతూ, రంగు వేస్తూ, వచ్చే వేసవి గురించి మాట్లాడుతూ కూడా గడుపుతారు. ఇద్దరిలో ఎవరికీ చేపతో పనిలేదు. ఇంట్లో టీవీ రిమోట్ మీద లేని అధికారం కాసేపు చుక్కాని మీద దొరికితే చాలు. మోటారు లేని తెప్పలకు నిషేధం లేదు, అదెక్కొచ్చుగా అని ఇంకొకరు అడగొచ్చు. తెప్పంటే దుంగల కట్ట. సందుల్లోంచి నీళ్లు పైకొస్తాయి. ఒడ్డున విరిగే అల దాటడానికి చిన్నప్పటి నుంచి అలవాటైన కాళ్లు కావాలి. ఆ కాళ్లు తనకు లేవని తెలిసి ఇసుకమీదే ఆగడం కెప్టెన్ గారి మొత్తం నౌకాయానంలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం.

ఒకడి పస్తు మీద ఇంకొకడి సరదా ఏమిటన్న అభ్యంతరం మాత్రం గట్టిది. నిషేధ కాలానికి మత్స్యకారులకు ప్రభుత్వమిచ్చే భృతి 2025లో 20,000 రూపాయలైంది. రెండు నెలలకు సంసారం మొత్తానికి అదే ఆసరా. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయితే పడవ నీడలో వల బాగుచేసుకునే మనిషి కెప్టెన్ గారిని తరిమెయ్యడు. “అబ్బయా, ఇంజనెన్ని హార్స్ పవరు?” అని పైనుంచి దర్జాగా అడిగితే, తలెత్తకుండా, “ఇప్పుడు నిలబడుంది గదా సార్, ఎంతైతే ఏంది?” అంటాడు. రెండు ముళ్లు వేసి, “అంచు మీద కూర్చోమాకండి, నిన్నేసిన రంగు, ఇంకా ఆరలేదు” అని కూడా చెబుతాడు. కెప్టెన్ గారు అప్పటికే కూర్చుని ఉంటారు. తెల్ల ప్యాంటు వెనక అరచేయంత నీలి మరకతో నెల్లూరు చేరతారు. అది ఉతికినా పోదు. ఆయన సముద్రయానానికి మిగిలే సాక్ష్యమూ అదే.