ప్రెసిడెంటు గారు కొబ్బరికాయలు దింపరు

శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో, మా వీధిలో ఒకతనికి ప్రెసిడెంటు అని పేరు. పంచాయతీకి కాదు, ఏకంగా అమెరికాకి. 2013 ఆగస్టులో సెయింట్స్ రో ఫోర్ అని ఒక వీడియో గేమ్ వచ్చింది. అందులో హీరో ఒక గూండా ముఠాకి నాయకుడు. ఆకాశంలో దూసుకుపోతున్న అణుక్షిపణి మీదకి ఎక్కి, వైర్లు పీకి, దాని పీడ విరగడ చేసి, వైట్‌హౌస్ పైకప్పు పగలగొట్టుకుని నేరుగా ప్రెసిడెంటు కుర్చీలో పడతాడు. నామినేషన్ లేదు, డిపాజిట్ లేదు, ఓటుకింతని పంచింది అసలే లేదు. ఆ ఆట ఆడినవాళ్లందరూ ఆ లెక్కన మాజీ ప్రెసిడెంట్లే. మనవాడు మాత్రం మాజీ కాలేదు. పదేళ్లు దాటినా కుర్చీ దిగలేదు.

ఇలాంటివాళ్లు ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా వీధికి ఒకరైనా దొరుకుతారు. గుర్తుపట్టడం సులువు. వయసు ముప్ఫైకి అటూ ఇటూ. చొక్కా ముందువైపు ఇస్త్రీ, వీపువైపు కుర్చీ ముడతలు. మెట్లు దిగేటప్పుడు చివరి మూడు మెట్లూ ఒక్కసారే దూకి, మోకాలు పట్టుకుని కాసేపు ఆగుతారు. ఎవరింటికి వెళ్లినా ముందు డాబా చూస్తారు, తర్వాత పక్కింటి డాబా చూస్తారు, రెండింటి మధ్య ఎంత జాగా ఉందో కళ్లతోనే కొలుస్తారు. మా ప్రెసిడెంటు పెళ్లిచూపులకి వెళ్లి ఇదే పని చేస్తే, పిల్ల తండ్రి ‘అబ్బాయికి స్థలాల మీద మంచి పట్టు ఉన్నట్టుంది’ అని మురిసిపోయాడు. రియల్ ఎస్టేటు కాదని తెలిశాక ఆ సంబంధం ముందుకు సాగలేదు.

అతని గదిలో మర్యాదలన్నీ కంప్యూటరుకే. సీపీయూ పక్క రేకు ఎప్పుడో విప్పేశాడు. అది మంచం కింద చెప్పుల స్టాండుగా పనికొస్తోంది. టేబుల్ ఫ్యాను మొహం ఆ తెరిచిన డొక్క వైపే ఉంటుంది. మే నెలలో ఇంటిల్లిపాదీ వీధి అరుగు మీద విసనకర్రలతో విసురుకుంటుంటే, లోపల ఆ ఇనప్పెట్టె ఒక్కటే చల్లగా కూర్చుంటుంది. వాళ్లమ్మ ఒకసారి తడి గుడ్డతో దాని దుమ్ము దులపబోతే ప్రెసిడెంటు పెట్టిన కేక మా ఇంటిదాకా వినిపించింది. ఎవరినో పాము కరిచిందనుకుని కర్ర పట్టుకుని వెళ్లాను. పాములు తిరిగే ఊళ్లలో అలా కేకలు పెట్టకూడదని చెప్పి వచ్చాను.

ఈ జబ్బు ఒక్క రోజులో వచ్చింది కాదు. హైస్కూల్లో ఉండగా నెట్ సెంటర్లో గంటకింతని కట్టి వైస్ సిటీ ఆడేవాడు. 2002లో వచ్చిన ఆ ఆటలో మజా అంతా కోడ్లలోనే ఉంది. పాంజర్ అని టైపు చేస్తే యుద్ధ ట్యాంకు వచ్చి పక్కన నిలబడుతుంది. లీవ్ మీ ఎలోన్ అని కొడితే వెంటపడ్డ పోలీసులు ఎవరి దారిన వాళ్లు పోతారు. ఆస్పిరిన్‌కి చివర ఒక ‘ఈ’ తగిలించి కొడితే పోయే ప్రాణం నిండిపోతుంది. అతని నోటుపుస్తకాలన్నింటికీ చివరి పేజీలో ఈ కోడ్లే ఉండేవి. ఇంగ్లీషు పరీక్షలో ఆ మందుబిళ్ల స్పెల్లింగు అలాగే రాశాడట. మాస్టారు మార్కు కోసేస్తే ‘పనిచేస్తోంది కద సార్’ అని వాదించాడట. అప్పటినుంచీ మనవాడికి చదువు మీద గౌరవం తగ్గింది, కోడ్ల మీద పెరిగింది.

తీరా సెయింట్స్ రో ఫోర్ వచ్చేసరికి కోడ్ల అవసరమే లేకుండా పోయింది, శక్తులన్నీ ఆటలోనే పెట్టి ఇచ్చారు. గ్రహాంతరవాసులు వచ్చి ప్రెసిడెంటుని ఎత్తుకుపోతారు. వాళ్ల నాయకుడు జిన్యాక్, సాహిత్యం మీద మక్కువ ఉన్న దుర్మార్గుడు. హీరోని స్టీల్‌పోర్ట్ అనే మాయానగరంలో, అంటే కంప్యూటర్లో అల్లిన నగరంలో పడేస్తాడు. కింజీ అనే హ్యాకరు పిల్ల ఆ మాయకి కన్నం వేసి హీరోకి శక్తులు సంపాదించి పెడుతుంది. గాల్లోకి మేడలంత ఎత్తు ఎగరొచ్చు, గోడల మీద పరిగెత్తొచ్చు, ముట్టుకోకుండానే కారు ఎత్తి విసరొచ్చు. ఊరంతా వెయ్యికి పైగా నీలం వెలుగు ముద్దలు వేలాడుతుంటాయి. అవి ఏరుకున్నకొద్దీ శక్తి పెరుగుతుంది. మనవాడు అన్నీ ఏరాడు. రేషను కార్డులో పేరు సరిచేయించుకోవడానికి మాత్రం ఇప్పటికీ ఓపిక లేదు.

అందులో ఒక తుపాకీ ఉంది. పేలిస్తే తూటాలకి బదులు డబ్‌స్టెప్ అనే రకం సంగీతం వస్తుంది. శత్రువులు, దారినపోయేవాళ్లు, చివరికి కార్లు కూడా చిందులేస్తాయి. నాకు అది చూపించి ‘ఎలాగుంది బాబాయ్?’ అన్నాడు. బాగుంది. కానీ అమ్మవారి సంబరంలో తప్పెటగుళ్లు మొదలెడితే మా వీధిలో ఎనభయ్యేళ్ల ముసలాయన కూడా కాలు ఆపుకోలేడు, దానికి ఆయుధాల లైసెన్సు ఎవరూ అడగలేదు మరి.

ఆటలో నిజమైన లోపం ఒకటుంది, అది ప్రెసిడెంటు ఒప్పుకోడు. ఆట తయారుచేసినవాళ్లు రకరకాల కార్లు చేశారు, వాటికి రంగులు, చక్రాలు, గ్యారేజీలు అమర్చారు. ఆ తర్వాత హీరోకి కారు కంటే వేగంగా పరిగెత్తే కాళ్లిచ్చారు. ఇక కారెవడు ఎక్కుతాడు? విందుకి ఇరవై కూరలు వండి, ఆకు వేయగానే అందరికీ ముందు గిన్నెడు పాయసం పోసినట్టయింది. పైగా ఆ ఆట మొదటినుంచీ తనమీద తానే జోకులు వేసుకుంటుంది. తనదంతా శుద్ధ కోతలని ప్రతి సీనులోనూ కన్నుగీటి చెబుతుంది. నవ్వనిది మా ప్రెసిడెంటు ఒక్కడే. భూమి పేలిపోయే సీన్లో అతను లేచి నిలబడ్డాడు.

అసలు కష్టం ఎక్కడొచ్చిందంటే, అతను ఈ శక్తులు చూపించుకోవాల్సింది మా జనానికి. మాకు అతిశయం కొత్తా? వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్నాడని, కార్లకి గొలుసులు కట్టి కదలకుండా ఆపాడని, ఊపిరి బిగబట్టి ఒంటికి చుట్టిన ఇనప గొలుసు తెంపాడని ఉగ్గుపాలతో విన్నవాళ్లం. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే. ఆయన కారు ఆపితే జనం టిక్కెట్టు కొని చూశారు. మనవాడు కారు విసిరితే సొంత అమ్మ కూడా తలెత్తదు. పోపు మాడిపోతుంది కదా.

విజయనగరంలో మేనమామ ఇంటికి సిరిమాను సంబరానికి వెళ్లినప్పుడూ ఇదే అయింది. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం. పొడవాటి చింతమాను, దాని కొసన పైడితల్లి అమ్మవారి పూజారి. మేడల మీది జనం తలెత్తి చూసేంత ఎత్తున ఆయన గాల్లో ఊగుతూ గుడి దగ్గర్నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లివస్తాడు. కిందనుంచి భక్తులు అరటిపళ్లు విసురుతుంటారు. ప్రెసిడెంటు ఫోన్లో వీడియో తీస్తూ, ‘మా గేమ్‌లో అయితే ఇంకా పైకెళ్లొచ్చు మావయ్యా’ అన్నాడు. మావయ్య అటు తిరక్కుండానే, ‘మీ గేమోడు ఉపాసం ఉంటాడేటి?’ అని అడిగాడు. ఈ ప్రశ్నకి సెయింట్స్ రో ఫోర్‌లో జవాబు లేదు.

అందరికంటే గట్టి దెబ్బ నానమ్మది. ఆవిడది ఉద్దానంలో సముద్రం వైపు పల్లె. కొబ్బరి, జీడి, పనస కలిసిన చిన్న తోట ఉండేది. మనవణ్ణి చూద్దామని కాశీబుగ్గ వచ్చి, తెర ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

‘అంతెత్తు ఎగురుతున్నాడు, ఆడెవడ్రా బావూ?’

‘నానే నానమ్మా. అమెరికా పెసిడెంటుని.’

‘మంచిదే. మరి ఆ మేడెక్కి ఏటి సేత్తావు?’

‘దూకుతాను.’

‘దూకి?’

‘ఇంకో మేడెక్కుతాను.’

ఆవిడ కాసేపు ఆలోచించింది. చెంబులో నీళ్లు తాగింది. ‘దింపుడోడు సెట్టుకింతని నా పీక మీద కూకుని పట్టుకుపోతన్నాడు. అంతెత్తు ఎగిరీవోడివి, నాలుగు గెలలు దింపీసి ఎల్లరాదేటి?’ అంది.

ఆ మాట వీధిలో పాకింది. అప్పటినుంచీ అతని శక్తులకి పని పురమాయించనివాడిదే పాపం. గ్యాసు సిలిండరు మేడమీదకి చేర్చమని ఒకరు, డిష్ గొడుగు మీద కూర్చున్న కోతిని తరమమని ఒకరు, పలాస స్టేషన్‌కి పరిగెత్తి రైలు వచ్చిందో లేదో చూసి రమ్మని ఇంకొకరు. మా ప్రాంతంలో శక్తి అంటే మోత, ఎక్కుడు, తవ్వుడు. బలం ఉన్నవాడు కనిపిస్తే దండ వేసే అలవాటు లేదు, రెండో కావిడి ఇస్తారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా వైపే తీరం దాటింది. తెల్లారి చూస్తే దారులన్నీ చెట్లకింద ఉన్నాయి. కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ప్రెసిడెంటు కాలినడకన నానమ్మ ఊరికి బయలుదేరాడు. కారు విసిరే ఆ మనిషి రోడ్డుకి అడ్డంగా పడ్డ కొబ్బరి మొద్దు ఒకదాన్ని ఇంకో ఐదుగురితో కలిసి పట్టుకుంటే జానెడు కదిలింది. అయినా ఆగలేదు. వారం రోజులు రంపం లాగాడు. అరచేతుల్లో బొబ్బలు పగిలి గుడ్డ చుట్టుకున్నాడు. నేనే చూశాను కాబట్టి చెబుతున్నాను, ఆ వారం అతను ఎవరికీ ఆట కథ చెప్పలేదు. నానమ్మ తోటలో నిలబడ్డ చెట్టు లేదు. నేల నిండా గెలలే. ఆవిడ అరుగు మీద కూర్చుని అతన్ని చూసి, ‘ఇంక నువ్వెగరక్కర్లేదు నాయినా, వొంగి ఏరుకో’ అంది. ఏడుస్తూ అందో నవ్వుతూ అందో తెలియలేదు, పళ్లు లేని నోరు.

ఇప్పుడు ప్రెసిడెంటు ఉద్యోగస్థుడు. ఒక సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు. రాత్రి గ్రహాంతరవాసుల నౌకలు కూల్చి, పొద్దున్న కళ్లు నులుముకుంటూ ఇంటింటికీ పింఛను పట్టుకెళ్తాడు. నెలకి 4,000. డబ్బు ఇవ్వాలంటే ముందు యంత్రం మీద వేలిముద్ర పడాలి. ఇక్కడ జిన్యాక్ కంటే గట్టి ప్రత్యర్థి ఎదురైంది. జీడిగింజలు కొట్టే పనిలో జీవితమంతా గడిపిన ముసలమ్మ. జీడిపిక్క పెంకులో రసం ఉంటుంది, చర్మాన్ని తినేస్తుంది. ఆవిడ పది వేళ్లూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టించాడు. తుడిపించాడు, కొబ్బరి నూనె రాయించాడు, ఎండలో పెట్టించాడు. యంత్రం కుయ్యిమంటుంది గాని ఒప్పుకోదు.

‘మామ్మా, కాస్త గట్టిగా నొక్కు.’

‘నొక్కితే వచ్చీదానికి ముద్రలుండాల కదేటి బావు? అయ్యెప్పుడో ఆ పిక్కల్లోనే పోనాయి.’

అరగంట తర్వాత ఎలాగో పడింది. ముసలమ్మ నోట్లు లెక్కపెట్టుకుని, అతని మొహం చూసి జాలిపడి, గుప్పెడు జీడిపలుకులు చేతిలో పెట్టింది. మనవాడు ఆ రోజు ఆట మొదలెట్టగానే ముందు చేసిన పని, మేడమీద నుంచి దూకి నేలని పిడికిలితో గుద్దడం. ఆ వీధిలో కార్లన్నీ లేచిపడ్డాయట.

అంతటివాడూ డీలాపడింది ఒక్కసారే. సెయింట్స్ రో ఆటలు తయారుచేసిన వొలిషన్ అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం షాంపేన్‌లో ఉండే స్టూడియో. దాని యజమాని కంపెనీ ఖర్చులు తగ్గించుకుంటూ 2023 ఆగస్టు 31న దాన్ని మూసేసింది. ముప్ఫై ఏళ్లుగా ఆటలు చేస్తున్నామని చెప్పుకునే సంస్థ ఆ రోజే, అప్పటికప్పుడే మూతపడింది. ప్రెసిడెంటు అన్నం ముందు కూర్చుని కలపకుండా చూస్తున్నాడు. ఆ వేళకి విజయనగరం మావయ్య వచ్చి ఉన్నాడు. జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. లాకౌట్లు ఎన్ని చూశాడో ఆయనకే లెక్కలేదు.

‘ఏటైందిరా?’

‘కంపెనీ మూసీసినారు మావయ్యా.’

‘లాకౌటా, మూసివేతా?’

ప్రెసిడెంటు తెల్లమొహం వేశాడు.

‘రెండూ ఒకటి కాదురా. లాకౌటైతే మళ్లీ తీత్తారని ఆశుంటాది. నోటీసు ఎన్ని రోజుల ముందిచ్చినారు?’

‘అదే రోజు.’

‘అదే రోజా! అక్కడ యూనియన్ లేదేటి?’ మావయ్య పీట ముందుకి జరుపుకున్నాడు. పదేళ్లలో మొదటిసారి ఆయనకి ఆ ఆట మీద ఆసక్తి కలిగింది. ఎంతమంది పనివాళ్లు, పర్మినెంటా కాంట్రాక్టా, పీఎఫ్ కట్టారా, గేటు దగ్గర ఎవరైనా కూర్చున్నారా అని వరసగా అడిగాడు. ప్రెసిడెంటు ఎంగిలి చెయ్యి పైకెత్తిపెట్టి, ఎడం చేత్తో ఫోను తీసి వెతకడం మొదలెట్టాడు.

‘గ్రాట్యుటీ సంగతి కూడా కనుక్కోరా’ అన్నాడు మావయ్య పెరుగు వడ్డించుకుంటూ. ‘నాదీ ఇంకా రాలేదు.’