వండినవాళ్లు తినని విందు

మా బావ జూదం ఆడడు. గేమింగ్ చేస్తాడు. ఈ తేడా తెలియక ఓ పెళ్లి పంక్తిలో నలుగురూ వింటుండగా "ఏం బావా, గోవాలో పేకాటకు వెళ్లొచ్చావటగా" అనేశాను. ఆయన చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. పేకాటంటే మామిడితోటలో తువ్వాలు పరుచుకుని ఆడేదట. పోలీసు జీపు కనబడితే చెప్పులొదిలేసి పరిగెత్తేదట. తాను వెళ్లింది హాస్పిటాలిటీకి. దిగగానే కారు, కారులో చల్లటి టవలు, ఓడలో బిర్యానీ. "మామిడితోటలో ఇవన్నీ ఎవడిస్తాడు బామ్మర్దీ?" అన్నాడు.

నిజమే, ఎవడూ ఇవ్వడు. మామిడితోటవాడు పాపం దాపరికం లేని మనిషి. డబ్బు పోయేచోటని చూడగానే తెలిసిపోతుంది.

ఆ మర్యాదలేమిటో నేనూ చూద్దామని పోయిన చలికాలం బావ వెంట పణజీ వెళ్లాను. మాండవి నదిలో దసరా పందిళ్లలా వెలిగిపోతున్న ఓడలు. ఒడ్డు నుంచి చిన్న పడవలో తీసుకెళ్లారు. ఎక్కేముందు మణికట్టుకు పట్టీ చుట్టారు, ఆస్పత్రిలో పేషెంటుకు చుట్టినట్టే. హాస్పిటలూ హాస్పిటాలిటీ ఒకే లాటిన్ కడుపున పుట్టిన మాటలని ఎప్పుడో చదివాను. ఆ పట్టీ చూశాక నమ్మకం కుదిరింది.

టిక్కెట్టు ధరలోనే భోజనం, పానీయం, కాసిని చిప్పులు. ఆ చిప్పుల్ని ఓటీపీ అంటారు. వన్ టైమ్ ప్లే అన్నమాట. కౌంటర్లో ఇచ్చి నగదు ఇమ్మంటే కుదరదు, బల్ల మీద పెట్టాల్సిందే. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, డబ్బు పోతుంది అని మన బ్యాంకువాడు రోజూ నెత్తీనోరూ బాదుకుంటాడు. ఇక్కడ డబ్బు పోవడానికి వాళ్లే ఓటీపీ చేతిలో పెడతారు.

బావ రౌలెట్ బల్ల దగ్గర స్థిరపడ్డాడు. చక్రం మీద సున్నాతో కలిపి 37 గళ్లు. ఒక అంకె మీద వంద పెట్టామనుకోండి, బంతి అందులో పడితే 3,500 ఇచ్చి మన వంద మనకు తిరిగిస్తారు. ఆహా అనిపిస్తుంది. ఏ గడినీ వదలకుండా అన్నిటి మీదా వంద చొప్పున పెట్టి చూడండి. 3,700 పెట్టి 3,600 తీసుకుని లేస్తారు. ప్రతి తిప్పుకీ వంద ఓడకి. కొన్నిచోట్ల రెండు సున్నాల చక్రం ఉంటుంది. గళ్లు 38, ఇచ్చేది మాత్రం అదే 35 రెట్లు. ఇందులో మోసమేమీ లేదు, అంతా బాహాటమే. షావుకారు తూకంలో వేలు పెట్టాల్సిన పని లేదు, తక్కెడే అలా చేయించుకున్నాడు. బావేమో మా అక్క పుట్టినరోజని 17 మీద పెడుతూ పోయాడు. తనకింత గౌరవం జరుగుతోందని అక్కకు తెలియదు.

ఒకటి గమనించాను. చిప్పులు తరిగేకొద్దీ మర్యాద పెరిగింది. మొదట్లో "సార్" అన్న కుర్రాడు అర్ధరాత్రికి పేరుపెట్టి "రావుగారూ, కాఫీ తెప్పించమంటారా" అన్నాడు. కొత్తల్లుడికి కూడా మన గోదావరి జిల్లాల్లో ఇంత చెయ్యరు. కాకపోతే ఇది అల్లుడే ఎదురుకట్నం ఇచ్చుకునే అత్తారిల్లు.

తెల్లవారుజామున ఒడ్డుకొచ్చి టాక్సీ ఎక్కాం. డ్రైవరు ఆ ఊరివాడే. "నువ్వెప్పుడైనా ఆడావా?" అని నాకొచ్చిన హిందీలో అడిగాను. "మమ్మల్ని రానివ్వరు సార్, గోవావాళ్లకి లేదు" అన్నాడు. డబ్బుల్లేక అనుకున్నాను. కాదు, చట్టమే.

ఆ చట్టం కథ కాస్త చెప్పుకోవాలి. 1976 నాటి జూద నిరోధక చట్టం ప్రకారం గోవాలో జూదం నేరం. 1992లో ఐదు నక్షత్రాల హోటళ్లలో స్లాట్ మెషీన్లకు సందు ఇచ్చారు. 1996లో ఓడల మీద బల్లలకూ సందు ఇచ్చారు. అంటే పేకముక్క నేల మీద పాపం, నీళ్ల మీద పర్యాటకం. మడి బట్టకు నీళ్లు చిలకరిస్తే శుద్ధి అయినట్టు, జూదానికి మాండవి నీళ్లు తగిలితే చాలు. ఇక 2020 ఫిబ్రవరి 1 నుంచి గోవా పౌరులు క్యాసినోలో ఆడకూడదని కట్టడి చేశారు. ఉద్యోగానికైతే వెళ్లొచ్చు. ముక్కలు పంచొచ్చు, పళ్లెం మోయొచ్చు. పందెం మాత్రం కాయకూడదు.

హోటల్లో తినబోయే ముందు మా తాత ఓ ప్రశ్న వేసేవాడు: "ఓనరు ఎక్కడ తింటాడ్రా?" ప్రపంచంలోని ఈ ఆతిథ్యవీరుల్ని అదే అడిగి చూడండి. మొనాకోలో 1863లో క్యాసినో నడపడానికి పెట్టిన కంపెనీ పేరు సముద్రస్నానాల సంఘం. పేరులోనే అంత పుణ్యం! ఆ పుణ్యం మొనాకో పౌరులకు మాత్రం నిషిద్ధం. 1869లో వాళ్లకు పన్నులు ఎత్తేశారు గానీ జూదపు గదుల తలుపు మాత్రం తియ్యలేదు. 1968లోనే ఖాట్మండులో క్యాసినో తెరిచిన నేపాల్ నేపాలీలను రానివ్వదు. కంబోడియా సొంత జనాన్ని రానివ్వదు. మనవాళ్లు పడవ ఆకారపు మేడ ముందు నిలబడి ఫోటో దిగే సింగపూర్ అయితే ఇంకా తెలివైంది. దానికి క్యాసినో అన్న పేరే పెట్టలేదు, ఇంటిగ్రేటెడ్ రిసార్ట్ అంది. 2019 నుంచి అక్కడి పౌరుడు లోపల అడుగు పెట్టాలంటే రోజుకు 150 డాలర్లు కట్టాలి. మనం వెళితే పాస్‌పోర్టు చూపిస్తే చాలు, ప్రవేశం ఉచితం. ఎంత ప్రేమో!

ఇంటిగ్రేటెడ్ రిసార్ట్ అనేది వాళ్ల కొత్త ఆలోచనేం కాదు. హస్తినాపురంలో ధృతరాష్ట్రుడు కట్టించాడు. వెయ్యి స్తంభాలు, నూరు ద్వారాలు, స్ఫటికాల తోరణాలు. ఆహ్వానం అందించడానికి విదురుడంతటి పెద్దమనిషిని పంపాడు. అక్కడ కూడా ఇంటి పిల్లవాడు పాచిక ముట్టలేదు. ఒడ్డిన ధనం దుర్యోధనుడిది, వేసిన చెయ్యి మేనమామది, పోయిందంతా అతిథిది. పోయినదంతా పెద్దాయన తిరిగిచ్చి పంపితే, ఇంకా ఇల్లు చేరకముందే మళ్లీ రమ్మని కబురెళ్లింది. ఇప్పుడది ఎస్సెమ్మెస్‌లో వస్తోంది, బావకు వారానికి రెండు. అన్నట్టు, సర్వం పోయిన ధర్మరాజు విరాటుడి కొలువులో పాచికలాట తోడుగా ఉద్యోగంలో చేరాడు. హాస్పిటాలిటీ రంగంలో ఉపాధి అంటే అదే కాబోలు.

మన ప్రభుత్వాలు తక్కువ తిన్నాయని కాదు. తెలుగు రాష్ట్రాలు రెండింటికీ 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. మన నేల మీద మనల్ని ఆడనివ్వరు, అక్కడి నేల మీద అక్కడివాళ్లని ఆడనివ్వరు. పోనీ కుండమార్పిడి అందామా అంటే అదీ కాదు, ఆడటానికి ఇటు వచ్చేవాడు లేడు. ఇక కేంద్రానిది పక్కా లెక్క. హోటల్లో ఇడ్లీ తింటే జీఎస్టీ 5 శాతం. క్యాసినోకి 28 ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 చేశారు. పాపపు సరుకుల వరసలో కూర్చోబెట్టి పన్ను వసూలు చేస్తూ, బ్రోషర్లో మాత్రం కుటుంబ వినోదం అని రాయనిస్తున్నారు. అదే 2025 ఆగస్టులో ఫోన్లో డబ్బు పందేలు ఆడించడాన్ని పార్లమెంటు దేశమంతా నిషేధించింది. యువత పాడైపోతోందట. ఫోనుకు లంగరు వేసి నీళ్లలో దించే ఉపాయం ఇంకా ఎవరికీ తట్టినట్టు లేదు.

తిరుగు విమానంలో బావ లెక్క చెప్పాడు. కారు ఉచితం, టవలు ఉచితం, బిర్యానీ, రెండు కాఫీలు ఉచితం. మరి పోయిందో? "అది ఎంటర్‌టైన్‌మెంట్ ఖర్చు" అన్నాడు, కిటికీలోంచి మబ్బులు చూస్తూ. అక్కకు ఏం చెప్పి వచ్చావంటే, డీలర్ల మీటింగని చెప్పాడట. అబద్ధమేమీ కాదు, రాత్రంతా డీలర్ల ఎదురుగానే కూర్చున్నాడు.

ఇంటికి చేరేసరికి మా మేనల్లుడు హాల్లో సోఫాలో ముడుచుకుని ఫోన్లో తల దూర్చి ఉన్నాడు. బావ బ్యాగు కూడా దించలేదు.

"ఏంట్రా అది? మళ్లీ పేకాటా?"

"కాదు నాన్నా, గేమింగ్."

బావ ఫోన్ లాక్కుని నా చేతిలో పెట్టాడు, "నెల్లాళ్లు వీడికి ఇవ్వకు" అంటూ. మణికట్టున పట్టీ ఇంకా అలాగే ఉంది.