ట్యూనింగ్ దండగ

సుబారు ఎస్‌టీఐ కొన్నారా? సంతోషం. 2004 మోడల్‌గా అమెరికాకి వచ్చినప్పటి నుంచి 2021 మోడల్‌తో ఆగిపోయేదాకా, ఆ రెండున్నర లీటర్ల టర్బో ఇంజిన్‌ని జపాన్ ఇంజినీర్లు మూడొందల హార్స్‌పవర్ చుట్టూనే తిప్పారు. వాళ్లకి ధైర్యం చాలలేదు. మీకు ధైర్యం ఉంది, క్రెడిట్ కార్డు ఉంది, డాలస్ శివార్లలో రెండు కార్ల గ్యారేజీ ఉంది. పార్శిళ్లు మాత్రం ఆఫీసు అడ్రసుకి తెప్పించుకోండి.

ముందుగా ఇన్‌టేక్. ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన నల్ల ప్లాస్టిక్ డబ్బా పీకేసి, లావుపాటి ఎర్ర పైపు బిగించండి. అక్కడ మాఫ్ సెన్సర్ అని ఒకటుంటుంది. వేడెక్కిన చిన్న తీగ. దాని మీదుగా పోయే గాలి దాన్ని ఎంత చల్లబరిచిందో చూసి, ఎంత గాలి లోపలికి వెళ్లిందో కంప్యూటర్ లెక్క కడుతుంది. ఆ లెక్క పాత పైపు వ్యాసానికి రాసింది. 70 మిల్లీమీటర్ల పైపు తీసి 76ది పెట్టారనుకోండి, వైశాల్యం 18 శాతం పెరుగుతుంది, అంతే గాలి నెమ్మదిగా పోతుంది, కంప్యూటర్ 15 శాతం తక్కువ గాలి వచ్చిందనుకుని పెట్రోలు కూడా అంతే తగ్గిస్తుంది. మామూలుగా వెళ్తున్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసి సరిదిద్దుతుంది. ఫుల్ బూస్ట్‌లో దాని మాట వినేవాళ్లుండరు. ఒక పాలు పెట్రోలుకి 11 పాళ్ల గాలి ఉండాల్సిన చోట 13 చేరుతుంది. విశేషమేమిటంటే, పెట్రోలు కాస్త తగ్గితే బండి నిజంగానే చురుగ్గా లాగుతుంది. అందుకే ఈ సలహా ఇచ్చినవాణ్ణి మొదటి వారంలో ఎవరూ తిట్టరు.

ఫిల్టర్‌కి నూనె ధారాళంగా పట్టించండి. కొంత ఎగిరి ఆ తీగకి అంటుకుంటుంది. అదీ మంచిదే, దానికి చూపు ఇంకాస్త మందగిస్తుంది.

ఇక ఇంజెక్టర్లు. ఫ్యాక్టరీవి ఒక్కోటీ నిమిషానికి సుమారు 565 సీసీ పెట్రోలు పోస్తాయి. మూడొందల హార్స్‌పవర్‌కి నాలుగు సిలిండర్లూ కలిసి గంటకి 165 పౌండ్ల పెట్రోలు తాగుతాయనుకుంటే, ఒక్కో ఇంజెక్టర్ సుమారు 75 శాతం సేపు తెరుచుకుని ఉంటే సరిపోతుంది. అంటే అవి చిన్నవేం కావు, సరిగ్గా సరిపోయేవే. అయినా 1000 సీసీవి కొనండి. గుండ్రటి అంకె, చెప్పుకోవడానికి బాగుంటుంది. ప్రతి ఇంజెక్టర్‌కీ కరెంటు అందాక తెరుచుకోవడానికి ఒక మిల్లీసెకను అటూ ఇటూ పడుతుంది, బ్యాటరీ వోల్టేజీని బట్టి అది మారుతుంది, కొత్త వాటి అంకెలు కంప్యూటర్‌కి చెప్పాలి అంటారు. చెప్పకండి. ట్రాఫిక్ లైటు దగ్గర బండి దగ్గుతుంది, పొగగొట్టంలోంచి పచ్చి పెట్రోలు వాసన వస్తుంది. రేసు కారు వాసనే అది.

ఈ లెక్కలన్నీ కంప్యూటర్‌లో సరిచేసే ట్యూనర్‌కి డబ్బు తగలేయక్కర్లేదనడానికి నా దగ్గర సిద్ధాంతం ఉంది. పైపు వల్ల పెట్రోలు తగ్గింది, ఇంజెక్టర్ల వల్ల పెరిగింది: దానికీ దీనికీ చెల్లు! 15 శాతం తగ్గినదానికి 77 శాతం పెరిగిందని లెక్కల మాస్టారొకాయన గొణిగాడు. సరిగ్గా చెల్లాలంటే 565 బదులు 665 సీసీవి వెయ్యాలట. పోనీ అవే వేసినా, గాలి తక్కువ వచ్చిందన్న భ్రమలో కంప్యూటర్ నిప్పురవ్వని తొందరగా రాజేస్తుందట, పెట్రోలు సరిపోయినా ఆ తప్పు పోదట. ఇలాంటి వాళ్లతో పార్టీలకి వెళ్లకండి.

ఒకరోజు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇంజిన్‌లోంచి టకటకమని వినిపించొచ్చు. రవ్వ అంటించిన మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలే చప్పుడది. ఆ ఇంజిన్‌లో పోత పోసిన పిస్టన్లుంటాయి. వాటి రింగుల మధ్య సన్నటి గట్లు ఈ దెబ్బలకి విరిగిపోతాయని ఎస్‌టీఐ వాళ్లందరికీ తెలుసు. మీరు పాటల సౌండు పెంచండి.

సౌండంటే గుర్తొచ్చింది, గాలిని బయటికే వదిలే బ్లోఆఫ్ వాల్వ్ తప్పనిసరి. గేరు మార్చినప్పుడల్లా బుస్సుమంటుంది. సెన్సర్ అప్పటికే లెక్కపెట్టిన గాలి అది. గాలి బయటికి పోయినా దాని వాటా పెట్రోలు మాత్రం ఇంజిన్‌లోకే వెళ్తుంది. ఊరి నుంచి వచ్చిన నాన్నగారు టైరు పంచరయిందా అని అడిగితే ఓపిగ్గా వివరించండి.

అమ్మేటప్పుడు ప్రకటనలో ‘చిన్న చిన్న మార్పులు మాత్రమే’ అని రాయండి. కొనేవాడు కంప్రెషన్ టెస్ట్ చేయిస్తే, నాలుగు సిలిండర్లలో మూడు బాగానే ఉన్నాయని తేలుతుంది. 75 శాతం. మన యూనివర్సిటీల్లో దానికి డిస్టింక్షన్ ఇస్తారు.